ములికి తోక మీద సున్నా

కలప డిపోలో బల్ల మీద ఒక శవాన్ని, పక్కన ఒక బాణాన్ని పెట్టారు. శవం పేటలోని కమ్మరి బావది. బాణం కూడా ఆయనదేనని కాగితం మీద రాసేసుకున్నారు.

"కంచె దాటి వచ్చాడు సార్. ఆగమంటే బాణం ఎక్కుపెట్టాడు. ప్రాణభయంతో కాల్చాం," అని గార్డు పాఠంలా అప్పజెప్పాడు.

తూటా దిగింది వీపులో. ఆ మాటే అడిగింది కూలీల సంఘం పెద్ద. ఆమె కలప కోతలో రంపం లాగే మనిషి, నోరూ అంతే పదును, అందుకని పేటంతా ఆమెను రంపం అంటారు.

"బాణమేసి వెనక్కి తిరిగాడేమో," అన్నాడు విచారణకొచ్చిన ఆఫీసరు, తలెత్తకుండా.

"వేస్తే ఆ బాణం ఇక్కడెలా ఉంది, అయ్యా?"

"నిన్నెవరూ అడగలేదు."

మూడు వందల మంది కూలీలు బల్ల చుట్టూ నిలబడి ఉన్నారు. కమ్మరి మాత్రం శవాన్ని చూడటం లేదు, బాణాన్నే చూస్తున్నాడు. పుల్ల చివర జంతువు నరం చుట్టిన తీరు తనది. కన్నబిడ్డ నడక దూరం నుంచే తెలిసినట్టు తెలిసిపోయింది.

ఆ పేటలో ఏ బాణానికైనా ములికి, అంటే ఇనప మొన, బిగించేది అతనే. పాత రంపపు ఉక్కుని కాల్చి, సాగగొట్టి, ములికికి వేలెడు తోక దించుతాడు. ఆ తోకని మళ్ళీ ఎర్రగా కాల్చి వెదురు పుల్లలోకి దించితే తన చోటు తనే కాల్చుకుంటుంది. లక్క పోసి, తడి నరం బిగించి చుడితే, ఎండేకొద్దీ అదే పట్టేస్తుంది. అయితే దించేముందు తోక మీద సొంతదారు గుర్తు చెక్కుతాడు. దెబ్బతిన్న పంది పుల్ల విరుచుకుని ఎక్కడో పడిపోయినా, మాంసంలోంచి ములికి తీస్తే వేట ఎవరిదో తేలిపోతుంది. బావ గుర్తు మూడు గీతలు. బయటివాళ్ళకి ఈ సంగతి తెలీదు, పుల్లలోకి దిగాక కనపడదు కదా.

సమ్మె మొదలై నెలైంది. అడవికి కంచె కట్టి, ఇక వేట లేదు, పుల్ల ఏరుకోవడం లేదు అన్నాడు కంట్రాక్టరు. కూలీలు రంపాలు దించేశారు. అతని పనికి ఎవరూ చెయ్యి వెయ్యకూడదని ఒట్టు పెట్టుకున్నారు. కంట్రాక్టరు పేటకి బొగ్గు రానివ్వలేదు. కొలిమి చల్లారిపోయింది. కొలిమి చల్లారిన కమ్మరి ఇంట్లో కూడా పరాయివాడిలా తిరుగుతాడు.

అప్పుడొచ్చాడు కంట్రాక్టరు సూపర్వైజరు. "అయ్యగారికి షికారు సరదా. పన్నెండు బాణాలు బిగించు. రెండు బస్తాల బొగ్గు దింపుతా."

కమ్మరి సరేనన్నాడు. అలవాటు చావదుగా, అడిగాడు కూడా: "గుర్తేం పెట్టమంటారు?"

సూపర్వైజరు అదేదో కమ్మరి చాదస్తమనుకుని నవ్వాడు. "సున్నా పెట్టు."

నిన్న బావ పోయినప్పట్నుంచీ కమ్మరికి తిత్తి ఊదినప్పుడల్లా ఆయనే కనపడుతున్నాడు. చుట్ట అంటించుకోడానికి ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని, వీపు ఇటు తిప్పి. ఇప్పుడు ఈ డిపోలో, ఇంతమంది మధ్య, ఆ గొంతు చెవి పక్కనే వినపడింది. "ఏరా బామ్మర్దీ, నీ చేతి పనిని తెచ్చి నా పక్కన పడుకోబెట్టారే. నా పెళ్ళిలో కూడా నువ్వింత దగ్గరగా కూర్చోలేదు కదరా."

"కమ్మరీ," పిలిచింది రంపం. "నువ్వు చూడు. ఇది మీ బావదేనా?"

శవం కాళ్ళ దగ్గర అక్క నిలబడి ఉంది. నోరు విప్పితే అక్క పోతుంది, పేట పోతుంది. విప్పకపోతే బావ దొంగగా మట్టిలోకి పోతాడు.

"తోక బయటికి తియ్యాలి," అన్నాడు.

"సాక్ష్యం చెడగొడతాడు సార్," అన్నాడు సూపర్వైజరు.

"తియ్యనివ్వకపోతే శవం ఇక్కణ్ణుంచి లేవదు," అంది రంపం. జనం ఒక అడుగు ముందుకొచ్చారు. ఆఫీసరు తలూపాడు.

గార్డుల పొయ్యి మీదే కాచాడు. లక్క కరిగింది. పట్టకారుతో లాగి, మసి తుడిచి, ఆఫీసరు ముందు పెట్టాడు.

"సున్నా. మా పేటలో ఎవరికీ సున్నా లేదు. ఇది సూపర్వైజరు పెట్టించుకున్న గుర్తు."

"నీకెలా తెలుసు?"

"బిగించింది నేనే గనక. పన్నెండు బిగించాను. సమ్మెలో ఉండగా, బొగ్గు కోసం."

ఎవరో ఉమ్మేశారు. "నీ చేతులు పడిపోను," అంది వెనక నుంచి ఒక ముసలామె. ఆఫీసరుకి ఊపిరొచ్చింది. "ఆయుధాలు తయారుచేసినట్టు ఒప్పుకున్నాడు. బేడీలు వెయ్యండి," అన్నాడు.

జీపెక్కించారు. ఒక్కరూ అడ్డం రాలేదు. అక్క వచ్చి జీపు ముందు కూర్చుంది.

"లేమ్మా. తమ్ముడి మీద జాలా?" అన్నాడు ఆఫీసరు.

"వాడి మొహం చూడబుద్ధి కావట్లేదు. కానీ వాడు చెప్పింది రాయకుండా తీసుకుపోడానికి లేదు." తమ్ముడి వైపు తిరక్కుండానే అడిగింది. "పన్నెండన్నావు. మిగతా పదకొండూ ఎక్కడున్నాయి?"

జనం తలలన్నీ డిపో చివర తాళం వేసిన గది వైపు తిరిగాయి. సూపర్వైజరు చెయ్యి జేబులోకి పోయింది. రంపం వెళ్ళి అతని ముందు అరచెయ్యి చాపింది. ఆమె వెనక మూడు వందల మంది. గార్డు తుపాకీ ఎత్తాడు, ఎవరి మీద గురిపెట్టాలో తెలీక దించేశాడు. తాళంచెవి ఆమె చేతిలో పడింది.

ఒక్కో బాణం బయటికొచ్చింది. బల్ల మీద, శవం పక్కన వరసగా పెట్టారు. ఒక్కోటి పెడుతుంటే, ఇది ఎవరి పక్కన పెట్టడానికి దాచారోనని ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

తొమ్మిదే వచ్చాయి.

రంపం రెండుసార్లు లెక్కపెట్టింది. తర్వాత జనం వైపు తిరిగి, చాలా మెల్లగా అడిగింది. "ఇవాళ ఇక్కడికి రానివాళ్ళెవరు?"

ఎవరో పొరుగువాణ్ణి పిలిచారు, పలికాడు. ఇంకెవరో అన్నని పిలిచారు, పలికాడు. కట్టెలమ్మే మామని పిలిచారు. ఆయన తోడల్లుణ్ణి పిలిచారు. ఇద్దరూ పలకలేదు. పొద్దున్నే కంచె వైపు వెళ్ళారని ఒక పిల్ల చెప్పింది.

అక్క లేచింది. జీపు దగ్గరికొచ్చి మొదటిసారి తమ్ముడి కళ్ళల్లోకి చూసింది.

"దిగు. నీ చేతి పని గుర్తుపట్టాల్సింది నువ్వే."

"బండి పోనీ," అన్నాడు ఆఫీసరు. డ్రైవరు ఇంజను ఆపేసి, తాళం తీసి, బయటికి చూస్తూ కూర్చున్నాడు.

కమ్మరి బేడీలతోనే దిగాడు. జనం పక్కకి జరిగి అతన్ని ముందుకి రానిచ్చారు. ఎవరూ భుజం తట్టలేదు. అతని వెనక అక్క, అక్క వెనక పేటంతా, కంచె వైపు నడిచారు.