బ్యూగుల్ ఊదేదాకా

రత్నరాజు చివరి గుండీ కుట్టి దారాన్ని పళ్ళతో తెంపాడు. మైదానంలో ఎవరిదో ఒకరి గుండీ ఊడక మానదు కాబట్టి, నీలి దారం ఎక్కించిన సూదిని తన కోటు కాలరు లోపల గుచ్చుకున్నాడు. పొద్దుటి నుంచీ ఎడమ చెయ్యి లాగుతోంది. దర్జీవాడికి చెయ్యి లాగడం కూడా ఒక జబ్బేనా అనుకున్నాడు.

నాక్స్‌విల్‌లో ప్యాంట్లు పొట్టి చేసే కొట్టు అతనిది. ఏటా వేసవిలో మాత్రం అమెరికా అంతర్యుద్ధం నాటి నీలి కోట్లు కుడతాడు. తూర్పు టెన్నెసీ దళం కథ అతనికి కంఠతా వచ్చు. రాష్ట్రమంతా బానిసత్వం ఉండాలన్న దక్షిణాది పక్కకు పోతే ఈ కొండల రైతులు ససేమిరా అన్నారు. కొండలు దాటి కెంటకీ పోయి ఉత్తరాది వాళ్ళ యూనియన్ సైన్యంలో చేరారు. చాలామంది తిరిగి రాలేదు. వాళ్ళ మునిమనవలు ఏటా ఆ యుద్ధాన్ని మైదానంలో, జనం ముందు, ఉత్తుత్తి కాల్పులతో మళ్ళీ ఆడతారు. నాకూ చోటివ్వండి అని రత్నరాజు అడిగినప్పుడల్లా ఆ ఆట నడిపే కెప్టెన్ హోవర్డ్ నవ్వేసేవాడు: "అప్పుడు నీలాంటివాళ్ళు లేరు, రాజ్." వాళ్ళ ఒంటిమీద కోటు తనది, తను మాత్రం పనికిరాడు! ఒళ్ళు మండిపోయేది.

ఈ ఏడు ఒక మనిషి తక్కువయ్యాడు. రత్నరాజుకి వెనక వరసలో చోటు దొరికింది. మొదటి కాల్పులకే పడిపోవాలి.

"చెయ్యి నొప్పన్నారుగా, హాస్పిటల్‌కి పోదామండీ," అంది భార్య విమలకుమారి కార్లో. వెనక సీట్లో కూతురు ప్రేమజ్యోతి కూర్చుంది.

"సోమవారం చూద్దాంలే. ఇవాళ మానేస్తే మళ్ళీ పిలుస్తాడా వాడు? నేను పడగానే పరిగెత్తుకొచ్చేవు సుమా. బ్యూగుల్ ఊదేదాకా చచ్చినవాళ్ళని ముట్టుకోకూడదు. పరువు తీయకు."

మైదానంలో అతను బాగానే నడిచాడు. పొట్టి మనిషి, టోపీ కింద బట్టతల, వీపు మాత్రం నిటారుగా. విమలకుమారికి గర్వంతో కళ్ళు చెమ్మగిల్లాయి.

ఎదుటివాళ్ళు తుపాకులు ఎత్తకముందే అతను పడిపోయాడు.

"అయ్యో, తొందరపడ్డారే! ఇంకా కాల్చనే లేదు," అంది.

"మమ్మీ, వెళ్ళి చెక్ చేద్దామా?"

విమలకుమారి లేచింది. జనమంతా చూస్తున్నారు. మళ్ళీ కూర్చుని, కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇంకా ఊదలేదు. డాడీ తిడతారు."

పొగ కమ్మింది. యుద్ధం చాలాసేపు సాగింది. బ్యూగుల్ ఊదగానే చచ్చినవాళ్ళంతా గడ్డి దులుపుకుంటూ లేచారు, జనం చప్పట్లు కొట్టారు. రత్నరాజు లేవలేదు.

హాస్పిటల్‌లో అప్పటికే ప్రాణం పోయిందన్నారు. కోటు కత్తిరించడానికి నర్సు కత్తెర తెస్తే విమలకుమారి ఒప్పుకోలేదు. తనే ఒక్కో గుండీ విప్పి కోటు తీసింది. ఇంటికొచ్చి ఒళ్ళో పెట్టుకుని తడుముతుంటే వేలికి చురుక్కుమంది. కాలరు లోపల, నీలి దారంతో సూది అలాగే ఉంది.