రెండో జత బాక్సులు

మా అత్తయ్యావాళ్ళ బార్‌ని పగటిపూట చూస్తే బార్ అని ఎవరూ అనుకోరు. కుర్చీలన్నీ కాళ్ళు పైకెత్తి బల్లల మీద బోర్లా పడుకుని ఉంటాయి. అప్పుడే తుడిచిన నేల సబ్బు వాసన వేస్తూ ఉంటుంది. పరీక్షలయ్యాక సెలవులకి వచ్చిన నేను ఆ వేళలో గ్లాసులు తుడిచి అరల్లో సర్దేదాన్ని. సాయంత్రం తలుపులు తెరిచాక మాత్రం నేను వెనక గది దాటి రాకూడదని అత్తయ్య గట్టిగా చెప్పింది.

ఒక పొద్దున మామయ్య ఫోన్ చేత్తో పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైంది? అలా కొయ్యబారిపోయావేం?" అంది అత్తయ్య.

"మహారాణి మెసేజ్ పెట్టింది. అద్దె ఒప్పందం మళ్ళీ రాయదట. నెలాఖరుకి ఖాళీ చేసెయ్యమంటోంది."

అత్తయ్య చేతిలో చీపురు అలాగే ఉండిపోయింది. ఆ బార్ తప్ప వాళ్ళకి ఇంకో ఆధారం లేదు. కాపురం కూడా దాని వెనక గదిలోనే. ఆ బిల్డింగ్ పోతే పనీ ఇల్లూ ఒకేసారి పోతాయి.

మహారాణి అంటే ఆ బిల్డింగ్ యజమానురాలు. సరిగ్గా బార్ పైనున్న వాటాలో ఒక్కతే ఉంటుంది. ఆ పేరు పెట్టింది మామయ్యే.

"ఏమంటుంది అసలు?" అంది అత్తయ్య చివరికి.

"ఏముంది, పాత మాటే. మీ పాటల మెషిన్ నా ఇంటిని ఊపేస్తోంది, గోడలు కూలిపోతాయి అని. గోడలు కూలడం ఏమిటి? నేనేమైనా పొక్లెయిన్ నడుపుతున్నానా? ఎన్నిసార్లు సౌండ్ తగ్గించాను! తాగడానికి వచ్చినవాళ్ళు, పాట పెట్టావా లేక దోమ దూరిందా అని ఎగతాళి చేస్తున్నారు. ఇంకా ఎంత తగ్గించను?"

"వెళ్ళి కాళ్ళావేళ్ళా పడు."

"ఎవరి కాళ్ళు? ఫోన్ చేస్తే ఎత్తదు. తలుపు కొడితే తియ్యదు. మెట్ల మీద నమస్కారం అమ్మా అంటే మెడ తిప్పదు. అంత పొగరు మనిషిని నేనెక్కడా చూడలేదు."

అలా అంటూనే కూర్చుని ఆవిడకి ఒక పెద్ద మెసేజ్ రాశాడు. పాత మెషిన్ తీసేసి కొత్తది పెట్టిస్తామని, ఒక్క అవకాశం ఇమ్మని. సాయంత్రానికి జవాబొచ్చింది. మార్చి చూపించండి, నచ్చితే రాస్తాను, లేకపోతే లేదు. అంతే.

మర్నాడు సౌండ్ సిస్టమ్స్ అమ్మే ఆయన వ్యాన్‌లో రెండు రకాలు వేసుకుని వచ్చాడు. లావుపాటి మనిషి, మెట్టు ఎక్కినా ఆయాసమే, అయినా నోరు ఆగదు. మొదటి రకంలో నా అంత ఎత్తున్న బాక్సులు రెండు, వాటికి తోడు బీరువాలో సగం ఉన్న బేస్ బాక్స్ ఒకటి. రెండో రకంలో అన్నీ చిన్న చిన్న బాక్సులే, పుస్తకాలంత ఉన్నాయి. ఒక్కో బల్ల దగ్గర ఒక్కోటి పెట్టాలట. బేస్ బాక్స్ లేదు.

"ఇది చూడండి సార్," అన్నాడాయన పెద్ద బాక్స్ మీద తడుతూ. "వాల్యూమ్ బాగా తగ్గించినా పాట ఒంటికి తెలుస్తూనే ఉంటుంది. మీకు కావలసింది అదే కదా. ఆ చిన్నవి పాపం మాట్లాడతాయి గానీ కొట్టలేవు."

మామయ్య కొత్త బండిని తడిమినట్టు ఆ పెద్ద బాక్సులని తడిమాడు. పాత బేస్ బాక్స్ మధ్య స్తంభానికి బిగించి ఉండేది. దాన్ని విప్పి, ఊగకుండా అదే చోట కొత్తదాన్ని బిగించమన్నాడు.

"రెండూ వేసి చూద్దాం. పైకి ఏది వినపడకపోతే అదే తీసుకుంటా. ఒరేయ్ గుసగుసా, నువ్వు మహారాణి ఇంటికెళ్ళు. నీవి పాము చెవులు. ఏది ఎంత వినపడిందో వచ్చి చెప్పు."

గుసగుస అంటే నేనే. నా గొంతు పక్కవాళ్ళకి కూడా వినపడదని మామయ్య అలా పిలుస్తాడు.

"అది అక్కడికెళ్ళి నోరు విప్పితే కదా! నేను వెళ్తానులే," అంది అత్తయ్య.

"నువ్వెళ్తే నోరు మూసుకోవు. యుద్ధమవుతుంది. దాన్నే వెళ్ళనీ."

ఎవరింటికైనా ఒంటరిగా వెళ్ళాలంటే నాకు చేతులు చల్లబడిపోతాయి. మెట్లెక్కుతూ ఏం చెప్పాలో లోపల్లోపల వల్లించుకున్నాను. నా అదృష్టం, ఆవిడ వరండాలో మొక్కలకి నీళ్ళు పోస్తోంది. తెల్లటి జుట్టు, ఇస్త్రీ చీర, కళ్ళజోడు. నన్ను చూసి మగ్గు కింద పెట్టింది.

నేను మాట్లాడేటప్పుడు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటాను, చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. అలాగే, కింద మామయ్య పంపించాడని, కొత్త బాక్సులు రెండు రకాలు వేసి చూస్తున్నారని చెప్పాను.

"చెయ్యి తియ్యి," అందావిడ గట్టిగా. "ఏమంటున్నావో కనపడటం లేదు."

నేను బిత్తరపోయి చెయ్యి తీసేసి మళ్ళీ చెప్పాను. ఆవిడ నా మొహం మీంచి చూపు తిప్పకుండా అంతా చూసి తల ఊపింది. అంత శ్రద్ధగా నా మాట ఎవరూ వినలేదు ఎప్పుడూ. లోపలికి రమ్మని పడకగదిలో కుర్చీ చూపించింది. గది మూలగా కింద బార్‌లోంచి పైకి వచ్చిన పెద్ద స్తంభం, దాన్ని ఆనుకుని ఇనప మంచం. ఆవిడ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీయడం మొదలుపెట్టింది. నేను చెవులు రిక్కించాను.

కాసేపటికి కింద మొదటిది వేశారు. ఎక్కడో కుండలో తుమ్మెద తిరిగినట్టు చిన్న రొద, అంతే. వేశారని తెలియకపోతే అసలు పట్టించుకునేదాన్నే కాదు. అమ్మయ్య, మామయ్య గెలిచాడు అనుకున్నాను.

చిక్కుడుకాయల పళ్ళెం పక్కకి నెట్టేసి ఆవిడ రెండు చేతులతో మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. పెదాలు తెల్లబడ్డాయి.

"చూశావా? మొదలెట్టాడు. రోజూ ఇదే వరస. ఇలా కూర్చునే తెల్లవారుస్తున్నాను."

నాకు ఏమీ అర్థం కాలేదు. మెల్లగా వెళ్ళి మంచం మీద చెయ్యి పెట్టి, వాత పెట్టినట్టు వెనక్కి లాక్కున్నాను. మంచం బతికే ఉంది! లోపల ఏదో జంతువు ఉన్నట్టు గుబగుబలాడుతోంది. స్తంభం మీద అరచెయ్యి ఆన్చాను. ఆ దెబ్బలు మోచేతి దాకా వచ్చాయి. చెవికి ఏమీ లేదు, ఎముకలోకి మాత్రం వచ్చేస్తోంది. గోడలు కూలిపోతాయని ఆవిడ రాసింది తిట్టు కాదు, ఉన్నమాట.

తర్వాత అది ఆగింది. కొంచెంసేపటికి రెండోది వేశారు. ఒక ఆడగొంతు పాట, ఎంత స్పష్టంగా అంటే మాటలు కూడా తెలుస్తున్నాయి. ఇంత వినపడితే ఈవిడ ఊరుకుంటుందా?

ఆవిడ పళ్ళెం మళ్ళీ దగ్గరికి లాక్కుంది. ఒక కాయ తీసి ఈనె లాగింది. మొహం తేటపడింది.

"ఆపేశారు కదా?" అంది. "రెండోది ఎప్పుడు వేస్తారో అడుగు."

నేను నోరు తెరుచుకుని అలాగే చూస్తూ ఉండిపోయాను. కింద నుంచి పాట వస్తూనే ఉంది. ఆవిడ నా మొహం చూసింది. తలుపు వైపు చూసింది. మళ్ళీ నా మొహం చూసింది. చేతిలోని కాయ పళ్ళెంలో పెట్టేసింది.

"వేసేశారా?"

తల ఊపాను.

"నీకు వినపడుతోందా?"

మళ్ళీ ఊపాను. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎందుకో తెలియదు.

"ఏడవకు. నాకేం జబ్బు కాదు. ముందు ఒక చెవి పోయింది, తర్వాత రెండోది. పెదాలు చూసి నెట్టుకొస్తున్నాను. మా చెల్లెలికి తెలిస్తే నన్ను ఒక్కదాన్నీ ఇక్కడ ఉండనివ్వదు. ఈ బిల్డింగ్ అమ్మించి తనతో తీసుకుపోతుంది. అందుకే ఎవరికీ చెప్పలేదు." కాస్త ఆగి, "ఇల్లు ఊగుతుంటే భయం దేనికంటే, కూలిపోతోంది బయటికి రా అని ఎవరైనా అరిచినా నాకు తెలియదు," అంది.

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను, చెయ్యి అడ్డం లేకుండా.

కిందికి దిగేసరికి మామయ్య మెట్ల దగ్గరే కాచుకుని ఉన్నాడు.

"చెప్పు, ఏది వినపడింది?"

"రెండోది."

"మరి మొదటిది?"

"దాదాపు వినపడలేదు."

"అయితే ఇంకేం!" మామయ్య చేతులు చరిచాడు. "అయ్యా, పెద్దది ఖాయం. మిగతా స్క్రూలు కూడా బిగించెయ్యండి."

"వద్దు మామయ్యా."

"ఏమిటీ?"

"పెద్దది వద్దు. చిన్నవి తీసుకో."

సౌండాయన పగలబడి నవ్వాడు. "పైకి వినపడేదే పెట్టమంటోంది! అమ్మాయ్, నువ్వు మీ మామయ్య పక్షమా, పైవాళ్ళ పక్షమా?"

"ఎందుకో చెప్పవే," అంది అత్తయ్య. "ఊరికే వద్దు అంటే?"

ఎందుకో చెప్పలేను. చెబితే ఆవిడ ఇల్లు పోతుంది. చెప్పకపోతే వీళ్ళ ఇల్లు పోతుంది.

"మంచం వణుకుతోంది," అన్నాను.

"వణికితే వణకనీ. ఆవిడ చెవిన పడకూడదు, అంతే కదా మనకి కావలసింది." మామయ్య స్తంభం వైపు తిరిగాడు. "కానివ్వండి సార్, సాయంత్రం తలుపులు తెరవాలి."

సౌండాయన స్క్రూడ్రైవర్ ఎత్తాడు. నాకేమైందో నాకే తెలియదు.

"ఆపండి!"

ఆ ఖాళీ హాల్లో నా కేక గోడలకి తగిలి తిరిగొచ్చింది. ముగ్గురూ నా వైపు తిరిగారు. అత్తయ్య గుండెల మీద చెయ్యి వేసుకుంది. నా గొంతు అంత ఉందని నాకూ తెలియదు.

"మామయ్యా, నువ్వే పైకి రా. చెవులు మూసుకుని ఆ మంచం మీద ఒక్కసారి కూర్చో. తర్వాత నీ ఇష్టం."

నేను అరిచిన దెబ్బకే అనుకుంటా, మామయ్య మెట్ల వైపు కదిలాడు. సౌండాయన జేబులోంచి చెవుల్లో పెట్టుకునే రబ్బరు బిరడాలు తీసి ఇచ్చాడు, పెద్ద పెద్ద సభల్లో పనిచేసేటప్పుడు వాడతాడట. ముందు పెద్దవి వెయ్యాలి, కాసేపాగి చిన్నవి వెయ్యాలి అని చెప్పి వెళ్ళాం.

ముందు నేను లోపలికెళ్ళి ఆవిడ ఎదురుగా నిలబడి, మామయ్య ఒక్కసారి మంచం మీద కూర్చోవచ్చా అని అడిగాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, కూర్చోమను అని, కిటికీ దగ్గరికి వెళ్ళి వీధిలోకి చూస్తూ నిలబడింది. మామయ్య చెప్పులు విడిచి, అపరాధిలా మంచం అంచున కూర్చుని బిరడాలు పెట్టుకున్నాడు.

కింద మొదలైంది. మామయ్య ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. మంచం పట్టె పట్టుకున్నాడు, ఆవిడ పట్టుకున్నట్టే. చూపు స్తంభం వెంట పైకీ కిందికీ తిరిగింది. సౌండ్ తగ్గిస్తున్నానని ఇన్నాళ్ళూ గొప్పగా చెప్పుకున్నాడు కానీ, స్తంభానికి అనుకుని తనే ఆ బేస్ బాక్స్‌ని ఆవిడ మంచానికి బిగించాడు. ఆ సంగతి అతని మొహంలోకి రావడం నేను చూశాను. ఆగిపోయాక కూడా అలాగే కూర్చున్నాడు.

బిరడాలు తీసి లేచాడు.

"అమ్మా, తప్పు నాది. మీరు ఊరికే అంటున్నారనుకున్నాను. మన్నించండి."

ఆవిడ వీధిలోకి చూస్తోంది.

"అమ్మా!" ఈసారి గట్టిగానే అన్నాడు. "నాకు బుద్ధి లేక..."

ఆవిడ కిటికీ ఊచకి అంటిన దుమ్ము వేలితో తుడిచింది. మామయ్య మొహం కందిపోయింది. ఇంత జరిగినా ఇంకా పొగరేనా అన్నట్టు నా వైపు చూశాడు. నేను కాళ్ళ వైపు చూసుకున్నాను.

అప్పుడే కింద చిన్న బాక్సులు వేశారు. ఆ ఆడగొంతు గదిలోకి వచ్చేసింది, పక్కన నిలబడి పాడుతున్నట్టు. మామయ్య ఉలిక్కిపడి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ భుజాలు కూడా కదలలేదు. పాట సాగుతోంది. ఆ వీపునే చూస్తూ అతను ఎంతసేపు నిలబడ్డాడో నాకు తెలియదు. తర్వాత నిద్రపోయేవాళ్ళ పక్క నుంచి నడిచినట్టు మెల్లగా నడిచి, కిటికీ పక్కగా వెలుతురు మొహాన పడేలా ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు.

"అమ్మా, ఇది ఎలా ఉంది?" అన్నాడు, ఒక్కో మాటా విడదీసి.

"ముందు వెయ్యమనండి. చూసి చెబుతాను."

"వేశామమ్మా."

"ఎప్పుడు?"

అడిగాక ఆవిడకి అర్థమైంది. గిరుక్కున నా వైపు తిరిగింది. నేను చెప్పలేదని తల అడ్డంగా ఊపాను. ఆవిడ మామయ్యని చూసింది. మామయ్య చేతులు జోడించాడు. ఆవిడ స్తంభం దగ్గరికి వెళ్ళి అరచెయ్యి ఆన్చి కళ్ళు మూసుకుంది. కింద పాట రెండో చరణంలోకి వెళ్ళింది.

"కదలటం లేదు," అంది కళ్ళు తెరిచి. "ఆ ఒప్పందం కాగితాలు పట్టుకురండి. సంతకం పెడతాను."

మేం దిగేసరికి అత్తయ్య సగం మెట్లెక్కి వచ్చేసింది.

"ఉంటున్నామా, పోతున్నామా? చెప్పండి, చచ్చిపోతున్నాను ఇక్కడ!"

"ఉంటున్నాం. చిన్నవే తీసుకుంటున్నాం."

అత్తయ్య మెట్టు మీదే కూలబడింది. "ఆ మహారాణి ఒప్పుకుందా? ఏం మంత్రం వేశావు?"

మామయ్య గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఆ పేరుతో ఇంక పిలవకు," అన్నాడు. "నేనేం చెయ్యలేదు. ఎదురుగా నిలబడి మాట్లాడాను, అంతే."