ఏడ్చే పిల్లలున్నారా

కొయ్య ముఖం లోపల పాత ఊపిరుల వాసన.

మందు, పొగాకు, చలి... ఎన్ని ఏళ్ళుగా ఎందరు మగవాళ్ళు ఇందులోంచి అరిచారో. భుజాల మీద తడి గడ్డి వేలాడుతోంది. కళ్ళ కన్నాల్లోంచి కొంచెం మంచు. కొంచెం సముద్రం.

అంతకన్నా కనిపించదు.

డెక్లన్ ఈ ఊరి బడిలో ఇంగ్లీషు చెబుతాడు. వసంతం వస్తే వెళ్ళిపోతాడు. ఏడాది ఆఖరి రాత్రి ఏడ్చే పిల్లల్ని వెతుక్కుంటూ కొండ దిగే దెయ్యం, నమహగే. ఆ ముఖం తొడుక్కోవడానికి ఊళ్ళో మగవాళ్ళు చాలలేదు. అందుకే అతను.

శనివారమంతా పెద్దాయన తొకుజి అతనికి మాటలు నేర్పాడు. వలల షెడ్డులో, కిరసనాయిలు పొయ్యి పక్కన.

"గట్టిగా, మాస్టారూ! అలా అడిగితే పిల్లి కూడా బెదరదు."

"ఏడ్చే పిల్లలున్నారా!"

"ఆఁ, అదీ. ఇంట్లోవాళ్ళు లేరంటారు. ఏ ఇంట్లోనైనా లేరనే అంటారు. నమ్మకూడదు. వెతకాలి, తలుపులు బాదాలి. మందు పోస్తే తాగాలి. నువ్వు చెప్పే చదువంత కష్టమేం కాదులే."

తర్వాత పొయ్యి వైపు చూస్తూ అన్నాడు.

"సముద్రం పక్కన ఆఖరి ఇల్లుంది చూడు... ఫుమియే వాళ్ళది. అక్కడికి వెళ్ళం. ఈ ఏడు చావైన ఇల్లు. చావైన ఇంటికి నమహగే వెళ్ళకూడదు."

డెక్లన్‌కి తెలుసు.

ఫుమియే కొడుకు షుంపే. రెండో తరగతి; బడి భోజనాలప్పుడు డెక్లన్ బల్ల దగ్గరే కూర్చునేవాడు. వేసవిలో ఒక అల.

సముద్రం తిరిగి ఇవ్వలేదు. వాడి బడి సంచి పెట్టి అంత్యక్రియలు చేశారు.

ఆదివారం. ఏడాదికి ఆఖరి సాయంత్రం.

కొండ మీంచి రెండు నమహగేలు దిగాయి — ఎర్ర ముఖంతో తొకుజి, నీలి ముఖంతో డెక్లన్. ఇల్లిల్లూ తిరిగాయి. ఇల్లిల్లూ ముసలివాళ్ళే.

"ఏడ్చే పిల్లలున్నారా!"

"పిల్లలెక్కడ నాయనా! ఏడ్చేవి నా మోకాళ్ళే. పట్టుకుపో వాటిని, పుణ్యముంటుంది."

నవ్వులు. మందు. మంచు.

ఇంటికీ ఇంటికీ మధ్య మంచు.

ముఖం లోపల ఎవరూ కాకుండా ఉండటం అతనికి హాయిగా ఉంది. పరాయివాడు కాదు. మాస్టారు కాదు. ఒట్టి అరుపు.

ఆఖరి ఇంట్లో దీపం వెలుగుతోంది.

తలుపు బార్లా తీసి ఉంది. గడపలో పళ్ళెం, సారా బుడ్డి. పళ్ళెం వెనక ఫుమియే మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. మంచు ఇంట్లోకి పడుతోంది.

"తల తిప్పకు," గొణిగాడు తొకుజి. "నడు."

"తొకుజి బాబాయ్."

ముఖం తొడుక్కున్నవాణ్ణి పేరు పెట్టి పిలవకూడదు. ఆమె పిలిచింది.

"పోయినేడు వచ్చారుగా. వాడున్నప్పుడు వచ్చారుగా. ఇప్పుడు మేం ఊళ్ళోవాళ్ళం కామా?"

తొకుజి ఆగలేదు.

డెక్లన్ కాళ్ళు ఆగాయి. ఆగి, తిరిగాయి. గడప దాటాయి.

అడగాలి. అతనికి వచ్చింది ఒక్క ప్రశ్నే.

"ఏడ్చే పిల్లలున్నారా?"

పిల్లి కూడా బెదరని గొంతు.

"ఉన్నాడు," అంది ఫుమియే.

ఉన్నాడు — దానికి జవాబు నేర్పలేదు ఎవరూ.

"ఎక్కడో ఏడుస్తున్నాడు. నాకు వినిపిస్తోంది, ఎక్కడో తెలీదు. వెతకండి, నమహగే గారూ. మీరు వెతుకుతారుగా."

వెనక చెక్క నేల అదిరింది. తొకుజి. అరుస్తూ వచ్చాడు, కొండ విరిగిపడ్డట్టు. అలమర తెరిచాడు. మడిచిన పరుపులు. ఇంకో తలుపు. చిన్న కోటు. స్నానాల గది. మెట్ల కింది చీకటి. ఆమె దీపం పట్టుకుని వెంట నడిచింది, ప్రతి మూలలోకీ తొంగిచూస్తూ. గడ్డి పోచలు రాలుతున్నాయి, గది గదిలోనూ.

ఇల్లు అయిపోయింది.

తొకుజి రొప్పుతూ నిలబడ్డాడు. ఎర్ర ముఖంలోంచి గొంతు వచ్చింది.

"ఇక్కడ లేడు. కొండ మీద... మా దగ్గరున్నాడు. ఏడవట్లేదు."

ఆమె ఆ ముఖాన్నే చూసింది.

"తింటున్నాడా?"

"తింటున్నాడు."

"ఏం తింటున్నాడు?"

 ఎర్ర ముఖానికి తెలియదు.

"కూర," అన్నాడు డెక్లన్. అతని యాస ఊరంతటికీ తెలుసు. "క్యారెట్ ముక్కలు మాత్రం ఏరి, పక్కవాడి గిన్నెలో వేస్తున్నాడు."

ఫుమియే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వో, మరేదో... బయటికి రాలేదు.

"వాడే," అంది. "అయితే వాడే."

వంగి ఇద్దరికీ మందు పోసింది.  ఆమె ముఖంలో వెలుగు చూసి డెక్లన్‌కి భయం వేసింది.

"సరే అయితే. వచ్చే ఏడు వచ్చేటప్పుడు వాణ్ణి వెంటబెట్టుకురండి."

గాలికి దీపం ఊగింది.

"అలాగేనా?"

ఎర్ర ముఖం నీలి ముఖం వైపు తిరిగింది.

వచ్చే ఏడు... సముద్రాల అవతల వేరే వంటిల్లు, వేరే కిటికీ. ఈ నీలి ముఖం షెడ్డులో మేకుకి.

డెక్లన్ తల ఊపాడు.

బయట మంచు పెద్దదైంది. గుడి దాకా ముఖం తీయకూడదు. తొకుజి ముందు, అతను వెనక. అడుగులు పడుతున్నాయి, పూడిపోతున్నాయి. తలుపు మూసిన చప్పుడు కోసం అతని చెవులు వెనక్కే ఉన్నాయి.

వినిపించలేదు.

మంచు... ఇంకా మంచు...

కొయ్య ముఖం లోపల ఊపిరి — వెచ్చగా, తడిగా, ఎవరిదో.