బండ మీద రెండు దుకాణాలు

దీవి అని అందరూ అంటుంటే నేనూ అంటున్నాను గానీ, నిజం చెప్పాలంటే అదొక పెద్ద బండ. ఈ చివర నిలబడి తుమ్మితే ఆ చివర వినిపిస్తుంది. చెట్టూ చేమా లేవు. తాగడానికి చుక్క నీళ్ళు లేవు. దాని కోసం రెండు దేశాలు ఏళ్ళ తరబడి జుట్టూ జుట్టూ పట్టుకుంటున్నాయంటే, అక్కడ కాపురం చేసి ఉండకపోతే నేనూ నమ్మేదాన్ని కాదు.

మేము వెళ్ళింది మా తమ్ముడి కోసం. వాణ్ణి ఇంట్లో పొట్టోడు అంటాం. పదహారు నిండీ నిండకుండానే చేపల పడవ ఎక్కాడు. మొదటిసారి లోతు నీళ్ళలోకి వెళ్ళినప్పుడే అవతలి దేశం గస్తీ పడవ వచ్చి, మా సముద్రంలో దొంగతనంగా వల వేశారంటూ పడవలో ఉన్న అందర్నీ పట్టుకుపోయి జైల్లో పెట్టింది. ఆ బండ కనుచూపు మేరలో కూడా లేని చోట వల వేస్తే అది వాళ్ళ సముద్రం ఎలా అయిందో నాకు అంతుపట్టలేదు. ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను. చివరికి ఒక ఆఫీసరు మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడాడు. ఆయన వెనక గోడంతా సముద్రం పటమే. దాని మీద ఎర్ర గీత ఒకటి, నీలం గీత ఒకటి, మధ్యలో ఈగ వాలినట్టు ఒక చుక్క.

"చూడమ్మా, ఆ దీవి మనదని తేలితే చుట్టూ ఉన్న సముద్రమంతా మనదే. చేపలు మనవి, అడుగున ఉన్న గ్యాసు మనది. మీ తమ్ముడు మన నీళ్ళలో మన చేపలు పట్టుకున్నట్టు. వదిలిపెట్టక ఛస్తారా?"

"మరి తేలాలంటే ఏం చెయ్యాలండీ?"

"అక్కడ మనుషులు కాపురం ఉండాలి. ఏదో ఒక పని చేసుకుని సొంతంగా బతకాలి. అప్పుడే అది దీవి. లేదంటే ఒట్టి రాయి కింద జమ. మీ ఆయన ఏం చేస్తాడు?"

"టైలరండీ."

ఆఫీసరు మొహం వెలిగిపోయింది. "భేష్! బట్టలు లేకుండా ఎవరుంటారు?"

మా ఆయన నా పక్కనే ఉన్నాడు. మెల్లగా అడిగాడు. "అక్కడ కుట్టించుకునేవాళ్ళెవరు సార్?"

"అది మేం చూసుకుంటాం లేవయ్యా."

చూసుకోలేదు. రేకుల గది ఒకటి వేసి ఇచ్చారు. గది ముందు సిమెంటు దారి పోసి, దానికి వీధి అని పేరు పెట్టి, ఆ పేరు రాసిన పలక పాతారు. వీధి దీపం పెట్టారు. ఎర్ర పోస్టు డబ్బా కూడా పెట్టారు. అందులో పడిన ఉత్తరాన్ని ఎవరు తీస్తారని అడిగితే అదోలా చూశారు. వారానికోసారి పడవ వచ్చి డ్రమ్ముల్లో నీళ్ళు, సంచుల్లో సరుకులు దింపిపోయేది. గస్తీ పడవల భయానికి చేపలవాళ్ళు ఆ ఛాయలకే వచ్చేవాళ్ళు కాదు. మా ఆయన పొద్దున్నే మిషను తుడిచి, నూనె వేసి, టేపు మెడలో వేసుకుని గిరాకీ కోసం కూర్చునేవాడు. మధ్యాహ్నం దాకా చూసి, తన ప్యాంటు అంచు తనే విప్పి మళ్ళీ కుట్టేవాడు. ఆ ప్యాంటు అంచు ఎన్నిసార్లు విప్పాడో, చివరికి గుడ్డే పలచబడిపోయింది.

బండకు ఆ చివర అవతలి దేశం వాళ్ళూ మనలాగే ఆలోచించారు. వాళ్ళు ఒక బార్బరును తెచ్చి పెట్టారు. నడివయసు మనిషి. గోడకు పెద్ద అద్దం, గుండ్రంగా తిరిగే కుర్చీ, రంగు రంగుల సీసాలు. తలలే లేవు. ఆయనే ఆ కుర్చీలో కూర్చుని అద్దంలో తనను తాను చూసుకుంటూ ఉండేవాడు. మమ్మల్ని చూసిన మొదటి రోజే చెయ్యి ఊపాడు.

"అక్కడ ఎవరూ లేరు" అన్నాడు మమ్మల్ని దింపడానికి వచ్చిన మా ఆఫీసరు.

"ఉన్నాడు కదండీ, చెయ్యి కూడా ఊపుతున్నాడు."

"ఊపనీ. మీరు చూశారంటే అతను అక్కడున్నాడని మనం ఒప్పుకున్నట్టవుతుంది. చూడొద్దు."

ఎదురుగా ఉన్న మనిషిని చూడకుండా ఎలా బతకాలో నాకు పాలుపోలేదు. డ్రమ్ములో నీళ్ళు ముంచుకున్నా, బట్టలు ఆరేసినా మొహం పక్కకు తిప్పుకునేదాన్ని. మెడ పట్టేసింది. ఇంత చేసీ ఆయన అటు ఏం చేస్తున్నాడో నాకు ఎప్పుడూ తెలుస్తూనే ఉండేది.

మా ఆయన జుట్టు చెవుల మీదికి దిగింది. ఒకరోజు పొద్దున బయటికి వెళ్ళినవాడు నున్నగా క్రాపు చేయించుకుని, చంకలో ఎవరిదో చొక్కా పెట్టుకుని వచ్చాడు. నేను ఒంటికాలి మీద లేచాను.

"మన పిల్లాణ్ణి జైల్లో పెట్టినవాళ్ళ కత్తి కింద మెడ పెట్టొస్తారా? సిగ్గనిపించడం లేదూ?"

"ఆయనేం పెట్టాడే జైల్లో? క్రాపు చేశాడు, అంతే. ఆయన చొక్కా చంక దగ్గర చిరిగితే కుట్టి ఇస్తానన్నా. నా చేతికి పని తగిలి ఎన్నాళ్ళయిందో నీకేమైనా తెలుసా?"

ఆ చొక్కా లాక్కుని వీధి పొడుగునా విసవిసా నడిచాను. వీధి అంటే ఎంతసేపు, నా కోపం సగం కూడా దిగకముందే సెలూన్ వచ్చేసింది. చొక్కా ఆయన ఒళ్ళోకి విసిరి, "మీ జైల్లో మా తమ్ముడు మగ్గిపోతున్నాడు, ఇక్కడ మీకు చొక్కాలు కావాల్సి వచ్చాయా!" అని అరిచాను.

ఆయనకు కోపం రాలేదు. "ఏ జైలమ్మా?" అని అడిగాడు. చెప్పాను. చొక్కా మడిచి పక్కన పెట్టాడు.

"నేను అక్కడి బార్బరునే. ఖైదీలకు క్రాపులు చేసే ఉద్యోగం. గవర్నమెంటు జీతం మీద బార్బర్లు ఇంకెవరున్నారు, అందుకే నన్ను ఇక్కడికి తోలారు. మీ వాడు... తలలో రెండు సుడులున్న కుర్రాడేనా? ముందు సుడి దగ్గర జుట్టు ఎంత తడిపినా లేచే ఉంటుంది. మెడ దగ్గర కత్తెర పెడితే చాలు, కితకితలని నవ్వుతాడు."

రెండు సుడులున్నాయి, నీకు రెండు పెళ్ళిళ్ళురా అని చిన్నప్పటి నుంచీ మేము వాణ్ణి ఏడిపించేవాళ్ళం. దొరికిన కుర్చీలో కూలబడి బావురుమన్నాను. ఆ పాడు కుర్చీ నిలవదు, నేను ఏడుస్తుంటే నన్ను మెల్లగా తిప్పుతూనే ఉంది. ఆయన వచ్చి దాన్ని పట్టుకుని ఆపాడు.

"నవ్వుతున్నాడు చెల్లెమ్మా. నేను వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు" అన్నాడు.

అప్పటి నుంచి ఆయన నాకు అన్నయ్య. మా నీళ్ళ పడవ రాకపోతే ఆయన డ్రమ్ము దొర్లించుకొచ్చేవాడు. వాళ్ళ పడవ రాకపోతే మేము ఇచ్చేవాళ్ళం. పొట్టోడి పాత కొలతలకు కాస్త వదులు కలిపి మా ఆయన వాడికి నీలం గళ్ళ చొక్కా కుట్టాడు. జైలుకు వెనక్కి వెళ్ళినప్పుడు తన చేత్తోనే తొడుగుతానని అన్నయ్య మాటిచ్చాడు.

ఇంతలో ఆ బండ ఎవరిదో తేల్చడానికి బయటి దేశాల పెద్దలు వస్తున్నారన్నారు. రెండు దేశాల తగువు తీర్చేది వీళ్ళేనట. మా ఆఫీసరు ముందురోజే దిగి మాకు పాఠం చెప్పాడు. గిరాకీ బాగుంది, చేపలవాళ్ళు వస్తుంటారు, అవతల ఎవరూ లేరు. ఆ చివర అన్నయ్యకు వాళ్ళ ఆఫీసరు ఇదే పాఠం తిరగేసి చెబుతున్నాడని చేతులు ఊపే తీరు చూస్తేనే తెలిసిపోయింది.

వచ్చినవాళ్ళలో పెద్ద, నెరిసిన జుట్టున్న ఒక జడ్జిగారు. ఆడమనిషి. మా గదిలోకి వంగి వచ్చి, మిషను పక్క స్టూలు మీద కూర్చుంది. "గిరాకీ ఎలా ఉంది?" అని మా ఆయన్ను అడిగింది.

"బాగానే ఉందండీ" అన్నాడు నేల చూపులు చూస్తూ.

"క్రాపు చక్కగా ఉంది. ఎవరు చేశారు?"

మా ఆయన చెయ్యి క్రాపు మీదికి వెళ్ళింది. మా ఆఫీసరు దగ్గాడు. వాకిట్లో నిలబడ్డ అవతలి ఆఫీసరు ముసిముసిగా నవ్వాడు. నేను ఇక ఆగలేకపోయాను.

"అమ్మా, నాకు ఒక్కటి చెప్పండి. ఇది మావాళ్ళది కాకపోతే మా తమ్ముడు దొంగే గదా?"

సంగతంతా విని ఆవిడ నెమ్మదిగా చెప్పింది. "ఇద్దరిదీ కాకపోవచ్చు కూడా. మనుషులు సొంతంగా బతకలేని చోటయితే ఇది ఒట్టి రాయి. దాని అంచున కొంచెం నీళ్ళు ఎవరివైనా కావచ్చు. దూరాన ఉన్న సముద్రం అందరిదీ."

"అందరిదీ అయితే అక్కడ చేపలు పడితే?"

"అది నేరం కాదు."

నా బుర్ర గిర్రున తిరిగింది. ఇన్నాళ్ళూ మా తమ్ముణ్ణి విడిపించడానికని ఇక్కడ బతుకుతున్నాం. ఇక్కడ బతకలేమంటేనే వాడు బయటికొస్తాడట! తప్పో ఒప్పో ఆలోచించుకునే వ్యవధి లేదు.

"అయితే వినండి. ఇక్కడ ఎవ్వరూ బతకలేరు. మా ఆయనకున్న ఒకే ఒక్క గిరాకీ ఆ చివరున్న అన్నయ్య. ఆ అన్నయ్యకున్న ఒకే ఒక్క తల మా ఆయనది. పడవ రాకపోతే ఒకరి నీళ్ళు ఒకరం తాగాం. ఈ వీధి, ఈ దీపం, ఆ పోస్టు డబ్బా అంతా నాటకం. మమ్మల్ని ఇళ్ళకు పంపండి. మా వాణ్ణి వదిలిపెట్టమనండి."

"ఈవిడకు ఒంట్లో బాగున్నట్టు లేదు" అన్నాడు అవతలి ఆఫీసరు.

"అవునవును, సముద్రపు గాలి పడలేదు" అన్నాడు మా ఆఫీసరు.

ఇద్దరూ ఒక్క మాట మీద నిలబడటం నేను అప్పుడే చూశాను. జడ్జిగారు అన్నయ్యను పిలిపించింది. ఆయన ఆఫీసర్లిద్దరి మొహాలూ చూసి, "చెల్లెమ్మ చెప్పింది నిజమేనండీ" అన్నాడు. తర్వాత నాతో, "నా ఉద్యోగం జైల్లోనే గదమ్మా, అంతకంటే ఎక్కడికి తోలతారు?" అని నవ్వాడు.

తీర్పు వచ్చేదాకా ఆ బండ మీద ఎవరూ ఉండకూడదన్నారు. రెండు పడవలు రెండు వైపులకు బయల్దేరాయి. అన్నయ్య నీలం గళ్ళ చొక్కాను కాగితంలో చుట్టి గుండెకు ఆనించుకుని కూర్చున్నాడు. ఈసారి ఆయన చెయ్యి ఊపితే నేనూ ఊపాను. ఒడ్డుకు చేరగానే తమ్ముడు వచ్చేస్తాడని నాకు ఎంత ధీమానో!

మర్నాడు ఆఫీసుకు వెళితే ఆఫీసరు కూర్చోమని కూడా అనలేదు. "కేసు ఆపేశారు. ఆ సముద్రం ఎవరిదో తెలిస్తే గదా అది దొంగతనమో కాదో తేలేది. తీర్పు వచ్చేదాకా మీవాళ్ళు ఆ జైల్లోనే" అన్నాడు. తీర్పు ఎప్పుడొస్తుందండీ అంటే గోడ మీది పటం వైపు చూశాడు. నేను నోరు మూసుకుని ఉంటే వాడు వచ్చేవాడా, లేక దొంగ అనిపించుకుని ఇంకా ఎక్కువ కాలం ఉండేవాడా? ఇప్పటికీ నాకు తెలియదు. ఒకరోజు మంచి పనే చేశాననిపిస్తుంది. మర్నాడు నా తమ్ముడి గొంతు నేనే కోశాననిపించి అన్నం సహించదు.

ఏడాది గడిచింది. మా ఊళ్ళో దుకాణం మళ్ళీ తెరిచాం. నడుము వదులు చేయమనేవాళ్ళు, జిప్పు మార్చమనేవాళ్ళు, మా ఆయనకు తీరికే లేదు. మొన్న ఆ జైలు నుంచి పొట్టోడి పడవ నడిపిన ముసలి సరంగును జబ్బు చేసిందని వదిలిపెట్టారు. నేరుగా మా దుకాణానికి వచ్చాడు.

"బార్బరు చెప్పమన్నాడమ్మా. చొక్కా ముట్టిందట. పొట్టోడు దాన్ని విప్పడం లేదు. కానీ చొక్కా చేతులు పొట్టివైపోయాయి, మణికట్టుకు బెత్తెడు పైనే ఆగిపోతున్నాయి. ఇప్పుడు వాణ్ణి చూస్తే పొట్టోడని ఎవరూ అనరు. గుమ్మం దగ్గర తల వంచుతాడు."

నేను వాడి ఎత్తు మనసులో కొలవబోయాను. నాకు అందలేదు. నా ముందు పడవ ఎక్కిన పిల్లాడే నిలబడుతున్నాడు.

సరంగు వెళ్ళాక మా ఆయన చేతిలో పని పక్కన పెట్టి, బల్ల మీద కొత్త గుడ్డ పరిచాడు. భుజాలు గీశాడు, పొడుగు గీశాడు. చేతుల దగ్గరికి వచ్చి సుద్దముక్క ఆపేశాడు.

"ఇంకా పెరుగుతాడే. అంచు మడతలో కాస్త ఎక్కువ వదులుతాను, తర్వాత విప్పుకోవచ్చు. ఎంత వదలమంటావు?"

వేసవిదాకా అయితే ఇంత. రెండేళ్ళయితే ఇంత. అంతకు మించితే ఎంతో ఎవరిని అడగాలి? మా ఆఫీసరునా, వాళ్ళ ఆఫీసరునా, ఆ జడ్జిగారినా? మా ఆయన సుద్ద పట్టుకుని నా మొహం వైపే చూస్తున్నాడు.

"ఉన్న గుడ్డంతా వదిలేయండి" అన్నాను.