పన్నెండోవాడు

వారపత్రికలో బొమ్మల కథ బతకాలంటే పాఠకుల కార్డులు రావాలి. ప్రతి సంచికలోనూ ఒక కార్డు ఉంటుంది. నచ్చిన మూడు కథల పేర్లు దాని మీద రాసి పోస్టులో వేస్తారు. కజితాని సుమియే గీస్తున్న అమెరికన్ ఫుట్‌బాల్ కథకి ఇరవై కథల్లో పంతొమ్మిదో స్థానం దక్కింది. ఇరవయ్యోది వంటల కథ. అది ఆ వారమే ఆగిపోయింది.

"ఇంకో మూడు వారాలు చూస్తారట," అని ఎడిటర్ ఒరిహర ముందే చెప్పేశాడు. పదహారేళ్లు ఇంకొకరి కథలకి గీతలు గీసి గీసి, నలభై రెండో ఏట సొంత కథ సంపాదించుకుంది సుమియే. ఇది పోతే ఇంకోటి ఎవరిస్తారు? అందుకే తెగించి, రెండు పేజీల నిండా ఒకే బొమ్మ వేసింది. ఆఖరి క్షణంలో తన జట్టు గెలిచే బొమ్మ.

అది అచ్చయిన రోజే ఒరిహర పత్రిక పట్టుకుని ఆమె పనిగదిలోకి ఊడిపడ్డాడు. ఒక కాలికి బూటు ఇంకా అలాగే ఉంది.

"కజితాని గారూ, లెక్కపెట్టండి."

"ఏంటి?"

"మన జట్టు తలకాయలు!"

లెక్కపెట్టింది. పన్నెండు. కళ్లు నులుముకుని మళ్లీ లెక్కపెట్టింది. పన్నెండే. ఈ ఆటలో జట్టుకి పదకొండుమందే దిగాలి. ఒక్కడు ఎక్కువైతే రిఫరీ పసుపు గుడ్డ విసురుతాడు, ఆ గెలుపు చెల్లదు.

"పొద్దుట్నుంచి ఒకటే ఫోన్లు. ఎవరో కాలేజీ కోచ్ అయితే పావుగంట సేపు క్లాసు పీకాడు నాకు."

గది మూల నుంచి నెజు లేచి నిలబడి, క్షమించమన్నట్టు సుమియే వైపు నడుం వంచేశాడు. యాభై నాలుగేళ్ల అసిస్టెంటు. మొహాలు గీసే హక్కు కథ సొంతదారుది. గడ్డి, స్టేడియం, వెనకాల గుంపు నెజువి. ఇరవై ఆరేళ్లుగా ఆయన పని అంతే.

"ఎడమ మూల ఖాళీగా ఉందండీ గురువుగారూ. ఖాళీ కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. వీపు తిప్పి ఒకణ్ణి నిలబెట్టేశాను."

"మబ్బు పెట్టొచ్చుగా స్వామీ!" అని ఒరిహర తల పట్టుకున్నాడు. "సరే, క్షమాపణ వేద్దాం. పుస్తకంగా వచ్చేటప్పుడు వాణ్ణి లేపేద్దాం."

ఆ మాటకి సుమియేకి ఒళ్లు మండింది.

"లేపెయ్యొద్దు. వాడు నిజంగానే మైదానంలోకి వచ్చాడు."

"ఎవడండీ?"

"మూడేళ్లుగా బెంచీ మీద కూర్చున్నవాడు. ఉండబట్టలేక పరిగెత్తుకొచ్చేశాడు. వాడి మూలాన గెలుపు కాస్తా పోయింది."

"గెలిచిన మ్యాచ్ ఓడిస్తారా? ఉన్న నలుగురు పాఠకులూ నన్ను తంతారు!"

"పంతొమ్మిది నుంచి కింద పడితే ఎంత దెబ్బ తగుల్తుందిలెండి."

తర్వాతి సంచికకి అలాగే గీసింది. పత్రిక నలుపు తెలుపు కాబట్టి రిఫరీ విసిరిన గుడ్డ పక్కన బాణం వేసి 'ఇది పసుపు' అని రాసింది. పన్నెండోవాడు పదకొండుమందికీ విడివిడిగా వంగి క్షమాపణ చెప్పుకున్నాడు, పదకొండు గళ్లలో. చివరి గడికి వచ్చేసరికి సుమియేకి ఏడుపు ఆగలేదు. వాడు హెల్మెట్ మాత్రం తియ్యలేదు. లోపల మొహం ఎలా ఉంటుందో ఆమెకే తెలీదు.

అది అచ్చయిన వారానికి ఒరిహర ఫోన్ చేశాడు.

"ఆరు!"

"ఆరు వారాలేనా?"

"ఆరో స్థానం తల్లీ! కథ ఆపడం లేదు. కార్డుల నిండా వాడే. వాడి మొహం చూపించకపోతే పత్రిక కొననని ఒకమ్మాయి బెదిరించింది కూడా."

సుమియే ఫోన్ పెట్టేసి, నేల మీదే కూలబడి నవ్వింది. తర్వాత లేచి ఒక తెల్ల కాగితం నెజు బల్ల మీద పెట్టింది.

"మొహం మీరు గియ్యండి."

"అయ్యో, మొహాలు గురువుగారివి కదండీ! నాకు గడ్డి తప్ప ఏం వచ్చు?"

"వాణ్ణి తెచ్చింది మీరు. మీరే చూసుకోండి."

నెజు వెళ్లి చేతులు కడుక్కొచ్చాడు. కూర్చుని, పెన్సిలుతో ముందు హెల్మెట్ గీశాడు. దాన్నే కాసేపు చూసి, రబ్బరు అందుకుని చెరిపేశాడు.