మైదా జిగురు

మా మున్సిపల్ ఆఫీసులో నీటి సరఫరా సూపర్‌వైజర్ కుర్చీలో పొద్దుటినుంచి ఒక మనిషి మొలుస్తున్నాడు. తొమ్మిదింటికి బూట్లు వచ్చాయి. ఇప్పుడు నడుము దాకా ఉన్నాడు, బెల్టుతో సహా. ఆ ఉద్యోగానికి ఇంటర్వ్యూ పదకొండింటికి.

నేనూ దరఖాస్తు పెట్టుకున్నాను. పన్నెండేళ్లుగా కాంట్రాక్టు మీద ఈ ఊరి ట్యాంకుల్లో క్లోరిన్ చూస్తున్నది నేనే. వచ్చే నెలతో నాకు వయసు దాటిపోతుంది. ఇది పోతే ఇక లేదు.

ఎవరతను అని అటెండరు పోలినాయుణ్ణి అడుగుతున్నాను.

"ఇంకా తల రానేదు కదమ్మా, ఎలాగ సెప్పగలం?" అంటున్నాడు.

పోలినాయుడికి ఒక పద్ధతి ఉంది. ఏ నోటీసునైనా మైదా జిగురుతో బోర్డుకి అంటిస్తాడు. ఎదురుగా ఒకరిని నిలబెట్టి వెనకనుంచి సెల్‌ఫోన్‌తో ఫొటో తీస్తాడు. జిగురు ఆరేలోపే కాగితం పీకేస్తాడు. ప్రజలు చదివారనడానికి రుజువుగా ఫొటో ఫైల్లోకి పోతుంది. పన్నెండేళ్లుగా ఆ ప్రజలు నేనే. పెద్దాయన అడుగుతున్నాడు కదా అని నిలబడేదాన్ని.

ఈ ఉద్యోగం నోటీసుకీ నేనే నిలబడ్డాను. ఊళ్ళో ఇంకెవరికీ తెలియదులే అని లోలోపల సంతోషపడ్డాను కూడా. ఇప్పుడు ఆ బోర్డు వైపు చూడలేకపోతున్నాను.

ఇంటర్వ్యూ బహిరంగంగానే జరుగుతోంది. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. కమిటీలో ముగ్గురున్నారు. వాళ్ళు నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు, కుర్చీలో ఆయన చొక్కా సైజు ఎంతుంటుందని. నలభై రెండు అంటున్నాను. సరైన జవాబే, మార్కులు వేస్తున్నారు. అంతలో కాలర్లోంచి మెడ వస్తోంది, చెమటతోనూ సెంటు వాసనతోనూ. తర్వాత తల వస్తోంది. నోట్లో అప్పటికే మిఠాయి ఉంది. నములుతున్నాడు. ఛీ.

పోలినాయుడు కుర్చీలో ఆయన పేరుతో నియామక ఉత్తర్వు బోర్డుకి అంటించి నన్ను పిలుస్తున్నాడు. ఒక్క ఫొటోకి అటు తిరగమంటున్నాడు. తిరగనని చెప్తున్నాను.

"నువ్వెందుకమ్మా, నీ వీపు సాలు."

వీపు నా మాట వినడం లేదు. అలవాటు పడిన ప్రాణం. జాకెట్టుతో సహా ఊడి, నడుచుకుంటూ వెళ్ళి బోర్డు ముందు బుద్ధిగా నిలబడుతోంది. ఫొటో బాగా వచ్చింది.

పోలినాయుడు కాగితం పీకేసి, తడిగా ఉన్నదాన్ని ఎక్కడ పడెయ్యాలో తోచక, తెరుచుకుని ఉన్న నా వెనకవైపు పక్కటెముకలకి అంటిస్తున్నాడు.

"నోపల ఎవులు సూస్తారు" అంటున్నాడు.

వేలితో మళ్ళీ పీకబోతుంటే నేను మెట్లు దిగి మెయిన్ రోడ్డు మీదికి వచ్చేస్తున్నాను. కుళాయి దగ్గర బిందెలతో ఉన్న ఆడవాళ్ళకి వెనక్కి తిరిగి నిలబడుతున్నాను. ఒక్కొక్కరూ దగ్గరికొచ్చి పెదవులు కదుపుతూ చదువుతున్నారు. క్యూ ట్యాంకు దాకా పెరుగుతోంది.

ఈ ఊళ్ళో మొదటిసారి ఒక నోటీసు పూర్తిగా ఆరుతోంది. మైదాకి చీమలు పడుతున్నాయి, నేను కదలడం లేదు. నా గుండె కాగితానికి అంటుకుపోయింది. అది కొట్టుకున్నప్పుడల్లా అతని పేరు ఉబ్బుతోంది, మిఠాయి నములుతోంది.