కదలవనుకున్న కేంద్రకాలు

అన్నయ్య లెక్కల్లో కేంద్రకాలు కదలవు. హైడ్రోజన్ అణువు మీద క్షణంలో కోట్లో వంతైనా నిలవని పొట్టి కాంతి తునక పడితే, దాన్ని మింగే పని ఎలక్ట్రాన్లదేననీ, కేంద్రకాలు వాటి పక్కన ఏనుగుల్లాంటివనీ, అవి లేచేలోగా అంతా అయిపోతుందనీ ముప్ఫై ఏళ్ళు వాదించాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. అది నిజమో కాదో కొలిచి చూసే పని, లేజర్ గదిలో ఉద్యోగం చేసే చెల్లెలిని కాబట్టి, నా నెత్తినే పడింది.

కొలిచాను. మామూలు హైడ్రోజన్‌లోనూ, దానికి రెండింతల బరువుండే భార హైడ్రోజన్‌లోనూ. కేంద్రకాలు కదలకపోతే వాటి బరువుతో పనుండదు, రెండు గ్రాఫులూ ఒక్కలాగే రావాలి. రాలేదు. తేలిక దాంట్లో కాంతిని మింగడం చకచకా తగ్గిపోయింది, బరువు దాంట్లో నిదానంగా తగ్గింది. అంటే ఆ ఏనుగులు మొదటినుంచీ నడుస్తూనే ఉన్నాయి. గ్యాసు సిలిండర్లు మార్చి తొమ్మిదిసార్లు చూశాను. తొమ్మిదిసార్లూ అంతే.

గోరుచుట్టు మీద రోకటి పోటులా అప్పుడే అన్నయ్యకు నరాల జబ్బు బయటపడింది. కుడి చెయ్యి నెలకు మించి పనిచెయ్యదని డాక్టరు వదినకూ నాకూ చెప్పారు. చూపు కూడా మసకబారింది. అయినా మంచం మీద ఒళ్ళో అట్ట పెట్టుకుని, గుమ్మడికాయలంత అక్షరాలతో తన కొత్త వ్యాసం రాస్తూనే ఉండేవాడు. ఈ నాలుగు రోజులైనా సంతోషంగా ఉండనీ అనుకున్నాను. భార హైడ్రోజన్ గ్రాఫు తన లెక్కకు కాస్త దగ్గరగా ఉంది. దాన్నే మామూలు హైడ్రోజన్‌దని చెప్పి చూపించాను. నా లేజరు కూడా చివరికి తన పార్టీలోనే చేరిందని వదిన ముందు నన్ను ఏడిపించాడు.

మూడు వారాలు గడిచాయి. చెంచా కూడా పట్టుకోలేకపోతున్నాడు, వదినే తినిపిస్తోంది. ఒక ఉదయం ఆవిడ వంటింట్లో ఉండగా, ఆ గ్రాఫుతో పాటు రాసుకున్న వివరాలన్నీ పైనుంచి చదవమన్నాడు. వ్యాసంలో చేర్పించాలట. పీడనం చదివాను, ఉష్ణోగ్రత చదివాను. తర్వాతి గడి, ప్రయోగంలో వాడిన గ్యాసు అణువు బరువు. మామూలు హైడ్రోజన్‌కైతే అక్కడ రెండు ఉండాలి. అంకెలు తప్పు చదవడం నాకు అలవాటు లేదు. నాలుగు అని చదివేశాను.

“అది బరువుది కదమ్మా,” అన్నాడు అన్నయ్య. “మరి తేలికదాని సంగతేంటి?”

అంతా చెప్పేశాను. నన్ను తిట్టలేదు. దుప్పటి మీద పడి ఉన్న కుడిచేతి వంక చూసుకున్నాడు.

“మూడు వారాల కిందట చెప్పుంటే నేనే దిద్దుకునేవాణ్ణి కదే.”

కలం తెచ్చి, నువ్వు చెప్పు నేను రాస్తానన్నాను. రెండు రోజులు ప్రయత్నించాడు. తన లెక్క నోటికి రాదనీ, చేతికే వచ్చనీ చెప్పి మానేశాడు. మంచి చేస్తున్నాననుకుంటూ తడిగుడ్డతో గొంతు కోశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

జబ్బు బయటపడిన నాలుగో నెలలో అన్నయ్య పోయాడు. దిద్దుబాటు నేనే రాశాను. ముప్ఫై ఏళ్ళ ఆ లెక్కలోని తప్పు అన్నయ్య పేరున, సవరణ నా పేరున అచ్చయ్యాయి. వదిన ఆ పత్రిక తెచ్చుకుని, రెండు పేర్ల మీదా వేలు పెట్టి చూసింది.

“ఇది ఆయనే దిద్దుకోలేకపోయారా?” అని అడిగింది.

“నేను దిద్దుకోనివ్వలేదు వదినా,” అన్నాను.